క్యారియర్ నిండుగా తిరిగొచ్చిన రోజులు

సాయంత్రం కడగడానికి మా తోడికోడలు క్యారియర్ మూత తీస్తే, పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. దొండకాయ వేపుడు ముద్దకట్టి, పెరుగు పులిసిపోయి. ఒకటి రెండు రోజులైతే సరే, వరసగా నెల రోజులు! ఐదింటికి లేచి వండేదాన్ని నేను కదా, ఒళ్ళు మండిపోయేది. "క్యాంటీన్లో తింటోంది కాబోలు, మన వంట ఆనడం లేదు" అని మా అత్తగారి దగ్గర రెండు మూడుసార్లు అన్నాను కూడా. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది కానీ, అన్నమాట మాత్రం నిజం.

తను నర్సు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఐసీయూలో పదకొండేళ్ళుగా చేస్తోంది. మా ఇద్దరిదీ ఒకే వంటిల్లు. తను డ్యూటీకి వెళ్తుంది, నేను ఇల్లూ పిల్లల్నీ చూస్తాను. ఎవరూ కూర్చుని మాట్లాడుకున్నది కాదు, అలా కుదిరిపోయింది. నైట్ డ్యూటీ అంటే రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా. వచ్చి పడుకుందంటే మిక్సీ వేయడానికి కూడా లేదు, పచ్చడి రోట్లోనే నూరాలి. (ఆ పచ్చడే బాగుందని మావారు లొట్టలేసుకుంటూ తినేవారు, అది వేరే సంగతి.)

కిందటేడు తనని ఇన్‌ఛార్జి సిస్టర్ని చేశారు. పూతరేకులు తెప్పించి వీధంతా పంచాం. ఎందుకు చేశారంటే, ఎంత నీరసించిపోయిన పేషెంటుకైనా ఒక్క పోటుతో నరం దొరకబుచ్చుకుంటుంది. మానిటర్ మోగకముందే మనిషి మొహం చూసి చెప్పేస్తుంది. చేతిపని గొప్పది. కానీ ఇరవైమంది అమ్మాయిలకి డ్యూటీ చార్టు వేయడం, ఏడ్చేవాళ్ళని ఊరుకోబెట్టడం, పై వాళ్ళకీ కింది వాళ్ళకీ మధ్య నలగడం ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. నా పులిహోర బాగుంటుందని చెప్పి, ఐదొందల మంది పెళ్ళి వంటకి నన్ను పెద్దని చేసి గరిటె చేతికిస్తే ఎలా ఉంటుందో అలా.

ఆ తర్వాతే క్యారియర్ నిండుగా రావడం మొదలైంది. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఫోన్లో మాత్రం గొంతు పెరిగింది. "జ్వరమైతే మాత్ర వేసుకుని రా, ఇక్కడ ఎవరికి లేదు జ్వరం?" అని ఒక రాత్రి ఎవరినో అంటుంటే నేను వింటూనే ఉన్నాను. తనేనా అనుకున్నాను. వీధిలో కుక్కపిల్లకి దెబ్బ తగిలితే కట్టు కట్టే మనిషి!

ఆ జ్వరం పిల్ల పది రోజులకి ఉద్యోగం మానేసింది.

ఆ రోజు తను వచ్చి నేరుగా వంటింట్లో పీట మీద కూర్చుంది. చెప్పులు కూడా విప్పలేదు. "అక్కా, ఆ పిల్లతో నేనన్న మాటలున్నాయే, అవి నా మాటలు కాదు. నేను కొత్తగా చేరినప్పుడు మా ఇన్‌ఛార్జి నన్నన్న మాటలే. అక్షరం పొల్లుపోలేదు" అంది. ఇంకోటి కూడా చెప్పింది. అంతకు ముందు వారం పంతొమ్మిదేళ్ళ కుర్రాడు చనిపోయాడట. వాళ్ళమ్మ అక్కడ గోడకి తల కొట్టుకుంటుంటే, గంటలో ఆ బెడ్ సిద్ధం చేసి ఇంకొకరిని ఎక్కించాలట. "ఏడుపు రాలేదక్కా. బెడ్ షీటు మార్చాలి అన్నదే తోచింది. అది తలుచుకుంటే భయమేస్తోంది."

నేనేమీ అనలేకపోయాను. మజ్జిగ కలిపి ఇచ్చాను.

ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్ ఒక పెద్దావిడ ఉన్నారు. ఆ పిల్ల మానేశాక ఇన్‌ఛార్జులందరినీ పిలిచి కూర్చోబెట్టారట. అంతకుముందు యాజమాన్యం వాళ్ళు ఒత్తిడి తగ్గాలని యోగా క్లాసు పెట్టారు, అదీ ఆదివారం పొద్దున ఆరింటికి, వీక్లీ ఆఫ్ ఉన్నవాళ్ళకి! ఈవిడ అది మాన్పించి, నెలకి రెండు మధ్యాహ్నాలు ఇన్‌ఛార్జులకి శిక్షణ పెట్టించారు. అక్కడిచ్చిన కాగితాలు మా తోడికోడలు ఇంటికి తెచ్చేది. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే చదివి వినిపించేది. అలా నాకూ కొంత వంటబట్టింది.

బర్నవుట్ అంటే ఉత్త అలసట కాదట. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని రోగమని కాకుండా, పనిచేసే చోట ఒత్తిడిని సరిగా పట్టించుకోకపోతే వచ్చే స్థితి అని రాసింది. మూడు ఉంటాయట అందులో: ఒంట్లో సత్తువంతా అయిపోవడం, మనుషుల మీద మనసు మొద్దుబారడం, నేను చేసేదానికి విలువ లేదనిపించడం. రెండోది విన్నప్పుడు బెడ్ షీటు మాట గుర్తొచ్చి ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు తమ డాక్టర్లనే అడిగి 2015లో ఒక పరిశీలన అచ్చువేశారట. మీ పైవాడు మీకు విషయాలు చెబుతాడా, సలహా అడుగుతాడా, గౌరవంగా చూస్తాడా, బాగా చేస్తే బాగుందంటాడా? ఇలాంటి ప్రశ్నలు. పైవాడికి మంచి మార్కులు పడ్డచోట కింది డాక్టర్లలో బర్నవుట్ తక్కువగా కనబడింది. అంతకు ముందు అక్కడే 74 మంది డాక్టర్లతో ఇంకో ప్రయోగం చేశారు. సగంమందిని రెండు వారాలకోసారి గంటసేపు చిన్న గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. వాళ్ళలో ఆ మొద్దుబారడం తగ్గిందట. నాకు నచ్చింది ఏమిటంటే, ఆ గంటకి ఆసుపత్రే జీతమిచ్చింది. ఆదివారం ఆరింటికి రమ్మనలేదు.

తను చేసినవి పెద్ద పెద్ద పనులేం కాదు. చార్టు పదిహేను రోజుల ముందే వేసి గోడకి అంటించడం. వేసేముందు ఎవరింట్లో పెళ్ళి ఉంది, ఎవరి పిల్లలకి పరీక్షలున్నాయి అని అడగడం. కొత్త పిల్లకి మొదటి మూడు నెలలూ ఒక పాత సిస్టర్ని జత చేయడం. వార్డులో ఎవరైనా చనిపోతే, డ్యూటీ దిగేముందు పదిహేను నిమిషాలు అందరూ కూర్చోవడం. తప్పెవరిదని అడగరు. ఏమనిపించిందో చెప్పాలనుకున్నవాళ్ళు చెప్తారు, లేకపోతే ఊరికే టీ తాగుతారు. మొదటిసారి ఎవరూ నోరు విప్పలేదట. అప్పుడు తనే ఆ పంతొమ్మిదేళ్ళ కుర్రాడి సంగతి చెప్పింది. పక్కన సిస్టర్ కళ్ళు తుడుచుకుంటూ "మీకు కూడా అనిపించిందా మేడమ్, మీరు రాయనుకున్నాం" అందట. ఇంటికొచ్చి అది చెప్పి నవ్వింది. ఎన్ని నెలలకి నవ్విందో!

అన్నీ చక్కబడిపోయాయని కాదు. మనుషులు ఇప్పటికీ తక్కువే. ఇద్దరు అమ్మాయిలు గల్ఫ్ వెళ్ళిపోయారు, వాళ్ళ స్థానంలో ఒక్కరినే తీసుకున్నారు. ఎంత మంచి ఇన్‌ఛార్జి అయినా లేని మనుషుల్ని పుట్టించలేదు కదా. పోయిన నెల పైనుంచి ఆ పదిహేను నిమిషాలు దండగ అని కబురొచ్చింది. ఈసారి తను ఒక్కతే వెళ్ళలేదు, ఇన్‌ఛార్జులు ఆరుగురూ కలిసి వెళ్ళారు. "మానేసిన ప్రతి నర్సు స్థానంలో కొత్త నర్సుకి పని నేర్పడానికి ఎన్ని గంటలు పోతున్నాయో లెక్క వేయండి సార్" అన్నారట. ఇంకో మూడు నెలలు చూద్దామన్నారు. చూడాలి.

ఆ జ్వరం పిల్లకి తను ఫోన్ చేసి క్షమించమంది. ఆ పిల్ల "పర్లేదు మేడమ్" అంది కానీ తిరిగి రాలేదు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఇప్పటికీ తన గొంతు మారుతుంది.

మా అత్తగారి దగ్గర నేనన్న మాట కూడా తనకి చెప్పేశాను. "తెలుసులే అక్కా, అత్తయ్య అప్పుడే చెప్పారు" అంది!

ఇవాళ మళ్ళీ నైట్. కొత్తగా చేరిన అమ్మాయిది పాడేరు వైపట, హాస్టల్ తిండి పడటం లేదట. క్యారియర్లో ఇంకో గిన్నె పెట్టమంది. పులిహోర కలిపి పెట్టాను.