పదిలో ఏడు

మేం ముగ్గురం బిల్హా రైల్వే క్వార్టర్ల పిల్లలం. ఇళ్లలో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, స్కూల్లో హిందీ. బదిలీ ఆర్డరు వచ్చిందంటే ఒక బెంచీ, ఒక స్నేహితురాలు వెనకే ఉండిపోతాయి. ఈ పత్రిక చదివేవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మాలో చిన్నది ఈ ఏడే రాయగఢ్ నుంచి వచ్చింది. టిఫిన్ డబ్బా తెరవదు. రాత్రిళ్లు నిద్ర లేదంటుంది. ఒకరోజు రైల్లో ఫోన్ తీసి ఒక వీడియో చూపించింది: ఈ పది లక్షణాలుంటే డిప్రెషనేనట. "నాకు ఏడు ఉన్నాయక్కా" అంది.

మేమూ లెక్క వేసుకున్నాం. ఒకరికి ఆరు, ఇంకొకరికి ఎనిమిది! అర్ధ సంవత్సర పరీక్షల ముందు ఎవరిని అడిగినా అన్నే వస్తాయి. అలసట, చిరాకు, చదివింది గుర్తుండకపోవడం... ఇవి లేనిదెవరికి? అప్పుడు ఆ వీడియోను మళ్లీ మొదటినుంచి చూశాం. మాట్లాడేవాళ్ల పేరు లేదు, ఏం చదివారో లేదు. చివర్లో మాత్రం ఇరవై ఒక్క రోజుల కోర్సు, దాని ఫీజు ఉన్నాయి. భయపెట్టినవాళ్లే మందూ అమ్ముతున్నారన్నమాట.

ఇంకో పేజీ తెలుగులోనే ఉంది కానీ ఏ మిషనో అనువాదం చేసినట్టుంది, మూడుసార్లు చదివినా అర్థం కాలేదు. (శ్రీకాకుళంలో మా అమ్మమ్మకైతే డిప్రెషన్ అంటే బంగాళాఖాతంలో వచ్చే వాయుగుండమే.)

ఆ వీడియో అడగని ప్రశ్న ఒకటుంది: ఎన్నాళ్లనుంచి? డాక్టర్లు ముందు అదే చూస్తారు. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం దాదాపు రోజూ, కనీసం రెండు వారాలు ఉందా? తిండి, నిద్ర, చదువు దెబ్బతింటున్నాయా? అదీ డాక్టరు ఎదురుగా కూర్చుని అడిగి తేల్చాల్సిందే, మనం వేళ్లమీద లెక్కపెట్టేది కాదు.

వీడియో పనికిరానిదని తేలింది. అంతమాత్రాన చిన్నదానికి ఏమీ లేదని కాదు. మేం అడిగితే మూడు వారాలైందని చెప్పింది. అందుకే వాళ్లమ్మగారికి చెప్పాం. తను వద్దంది, అయినా చెప్పాం.

టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ ఉంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, భాషల్లో తెలుగూ ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్ దానికి ముఖ్య కేంద్రం. ఎవరు నడుపుతున్నారో తెలుస్తోంది, అమ్మేది ఏమీ లేదు. ఆంటీకి హిందీలో కూరగాయల బేరం వచ్చు గానీ ఇలాంటి మాటలు రావు. ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లారు. "అవునండీ, అన్నం సరిగా తినట్లేదండీ" అనడం మాకు వినిపించింది.

డాక్టరుకి చూపించమన్నారట. మంగళవారం బిలాస్‌పూర్ వెళ్తున్నారు. చిన్నది మమ్మల్నీ రమ్మంటోంది.