కాలేయం నుంచి మెదడుకు కబురు

చిలుకూరు అనగానే మీలో చాలామందికి హైదరాబాదు దగ్గరి బాలాజీ గుడి గుర్తుకు వస్తుంది. నేను చెప్పేది సూర్యాపేట జిల్లాలో, కోదాడ పక్కనున్న చిలుకూరు సంగతి.

నాట్ల రోజులు. ఒక శనివారం మధ్యాహ్నం అరవై యేళ్ళ రైతును నా దగ్గరికి మోసుకొచ్చారు. మాట ముద్దగా వస్తోంది. పిలిస్తే పలకడం లేదు. తాగి ఉంటాడని ఒకరు, గాలి సోకిందని మరొకరు అన్నారు. పరీక్షిస్తే రక్తంలో చక్కెర 38. మధుమేహానికి మందులు వాడేవారిలో 70 కంటె తగ్గితేనే జాగ్రత్తపడాలి. గ్లూకోజు ఎక్కించిన కాసేపటికి లేచి కూర్చున్నాడు.

"శనివారం ఒక్కపొద్దుంటడు సారూ. గోలి మాత్రం మానలే" అన్నది భార్య.

ఆ మాత్ర రాసింది నేనే. ఉపవాసాల సంగతి అడగనిదీ నేనే.

రైతు మరో మాట చెప్పాడు: "మునుపు చెమటలు పట్టి చేతులు వణికేటియి. బెల్లం ముక్క నోట్లె ఏసుకునేటోణ్ణి. ఈసారి ఏం తెల్వలే."

ఆ చెమట, వణుకు శరీరం చేసే హెచ్చరికలు. చక్కెర తగ్గగానే క్లోమం గ్లూకగాన్‌ను, అడ్రినల్ గ్రంథి అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచిన చక్కెరను అవి బయటికి రప్పిస్తాయి.

మెదడుకూ కాలేయానికీ సంబంధముందని 1849లోనే క్లాడ్ బెర్నార్డ్ గమనించాడు. కుందేలు మెదడు అడుగుభాగాన సూదితో గుచ్చితే మూత్రంలో చక్కెర కనిపించింది. అయితే కబురు అటునుంచి ఇటే కాదు, ఇటునుంచి అటు కూడా పోతుంది. చక్కెర ఎంత ఉందో కాలేయం దగ్గరి నరాలు మెదడుకు తెలియజేస్తాయి. 2016లో వెలువడిన ప్రయోగాలలో, కాలేయంలో గ్లైకోజెన్ ఎక్కువగా ఉన్న కుక్కలకు చక్కెర తగ్గినప్పుడు ఆ రెండు హార్మోనులూ ఎక్కువగా ఊరాయి. కాలేయపు నరాలను తెంచితే ఆ లాభం పోయింది. అంటే కాలేయం గాదె మాత్రమే కాదు, కావలివాడు కూడా.

పస్తుంటే ఆ గాదె తరిగిపోతుంది. పరగడుపున మద్యం తాగితే కాలేయం కొత్త చక్కెర తయారు చేయలేదు. పైగా చక్కెర మాటిమాటికీ పడిపోతుంటే మెదడు దానికే అలవాటుపడి హెచ్చరించడం మానేస్తుంది. మా రైతుకు జరిగింది ఇదే.

కనుక ఉపవాసం ఉండదలిస్తే ముందుగానే వైద్యుణ్ణి అడగండి. మాత్రలు మీ అంతట మీరు మార్చవద్దు. చక్కెర తగ్గిందనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తాగి, తర్వాత భోజనం చేయండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేయండి. కొన్ని మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది. తేరుకున్నా వెంటనే ఇంటికి తీసుకుపోవద్దు.

కొన్ని వారాలు చక్కెర పడిపోకుండా చూసుకుంటే పోయిన హెచ్చరిక చాలామందిలో తిరిగి వస్తుంది. మా రైతు ఒక్కపొద్దు మానలేదు. కాని ముందురోజు వచ్చి మాత్ర సంగతి అడిగి పోతున్నాడు. మొన్న భోజనం ఆలస్యమైతే చేతులు వణికాయని చెప్పాడు. రోగి వణికానని చెబితే సంతోషించడం నాకదే మొదటిసారి.