పక్క గుంట

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా మా కదిరి, రాయచోటి పక్కనుంచి గల్ఫుకు వచ్చినోళ్లు చదవాల.

పోయిన వారం మా తమ్ముడు ఫోన్ చేసినాడు. "అన్నా, చీనీ చెట్లు ఎండిపోతాండాయి. ఇంకో బోరు ఏపిద్దాం. టెంకాయతో పాయింటు కూడా చూపించినా. రెండు లక్షలు పంపు" అన్నాడు. ఇది నాలుగో బోరు. మొదటిది 300 అడుగులు, రెండోది 550, మూడోది 800. మూడింటికీ పోయింది నా దినార్లే. మొదటి రెండూ ఎండిపోయినాయి.

ఈసారి వెంటనే సరే అనలేకపోయినా. కారణం చెప్తా.

మేము 550 అడుగుల బోరు వేసిన ఏడాదే పక్క చేను పెదనాయన బోరు ఆగిపోయింది. ఆయన కొట్లాటకు రాలేదు. చీనీ చెట్లు కొట్టించి కట్టెలకు అమ్ముకున్నాడు. కొడుకు బెంగళూరుకు తాపీ పనికి పోయినాడు. అప్పుడు ఊర్లో ఎవరన్నా మాట ఎత్తితే "భూమిలో నీళ్లు ఎవరి అదృష్టం వాళ్లది" అనేవాణ్ణి నేను.

ఇక్కడ నువైద్రాత్‌లో ఉంటూ సిత్రా పక్క సైట్లలో పనిచేస్తా ఉంటాను. సముద్రం దగ్గర కాబట్టి పునాదికి కొన్ని అడుగులు తవ్వితే చాలు, ఉప్పు నీళ్లు ఊరతాయి. పంపులు పెట్టి రాత్రీ పగలూ తోడాల. ఒకసారి పెద్ద గుంటలో పంపులు నడుస్తా ఉంటే పక్కన ఉన్న చిన్న గుంట దానంతటదే ఎండిపోయింది. దాంట్లో మేము పంపే పెట్టలేదు. మా కుర్రోళ్లు పని తగ్గిందని సంతోషపడినారు. నాకు మాత్రం పెదనాయన బోరు గుర్తొచ్చింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

మా పక్కంతా రాతి నేల. పైనున్న మెత్తటి పొరలో, కింద బండ చీలికల్లో నీళ్లు ఉంటాయి. వాన పడితేనే అవి నిండేది. లోతుకు పోతే కొత్త చెరువేమీ దొరకదు, చాలాసార్లు పక్కోడి చీలికే మనకూ తగులుతుంది.

లెక్క చూడండి. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఒక ఎకరా మీద అది 22 లక్షల లీటర్లు. దాంట్లో పదో వంతు భూమిలోకి దిగితే గొప్ప. ఒక ఎకరా వరికి కావాల్సింది దాదాపు 48 లక్షల లీటర్లు. అంటే దాదాపు 22 ఎకరాల్లో ఇంకిన నీళ్లు ఒక్క మడి తాగేస్తుంది. అవే నీళ్లతో స్ప్రింక్లర్లు పెట్టి 25 మిల్లీమీటర్ల తడి ఇస్తే దాదాపు 48 ఎకరాల శెనక్కాయకు ఒక తడి వస్తుంది. మా తమ్ముడు పోయిన రబీలో వేసింది ఎకరా వరి. చీనీ చెట్లు ఎందుకు ఎండినాయో ఇంకెవర్ని అడగాల?

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 2010కి ముందు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో మన ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్లలో నీటి మట్టం కొలిచి, రబీకి ముందు అందరూ కూర్చుని ఎన్ని నీళ్లున్నాయో లెక్కేసి, ఏ పంట వేయాలో మాట్లాడుకున్నారు. మాకు దగ్గర్లోని అమడగూరు మండలం కుమ్మరవాండ్లపల్లిలో బోర్లను పైపులతో కలిపి, బోరు లేనోళ్ల శెనక్కాయకు కూడా తడి ఇచ్చినారు. కొత్త బోర్లు వద్దని కట్టుబాటు పెట్టుకున్నారు. బోర్లకు అనుమతి కావాలనే వాల్టా చట్టం 2002 నుంచే ఉంది. కానీ చట్టం నిద్రపోయినాక బోరు బండి వస్తుంది.

బహ్రెయిన్‌లో అధారి అని పేరుమోసిన ఊట ఉండేది. అది దూరం తోటలకు నీళ్లిచ్చి దగ్గరోళ్లను ఎండగడుతుందని ఇక్కడోళ్ల సామెత. బోర్లు ఎక్కువై ఆ ఊటే ఆగిపోయింది. ఇప్పుడు తాగడానికి సముద్రం నీళ్లు శుద్ధి చేస్తారు, తూబ్లీలో మురుగునీళ్లు శుద్ధి చేసి తోటలకు పంపుతారు. వీళ్లకు సముద్రం ఉంది, ఆయిల్ డబ్బుంది. కదిరికి ఏముంది?

తమ్ముడికి చెప్పినా: "బోరుకు పైసా పంపను. పైపులకు, డ్రిప్పుకు పంపుతా. వరి మానెయ్. ఉన్న బోరు నీళ్లలో పెదనాయనకూ వాటా ఇద్దాం." వాడు అలిగినాడు. పెదనాయనకు నేనే ఫోన్ చేసినా. చానా సేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "పైపు ఏస్తావు సరే నాయనా. రేపు మీ తమ్ముడు గేటువాల్వు కట్టేస్తే నేనెవర్ని అడగాల?"

న్యాయమైన మాట. వాటా కాగితం మీద రాసి, ఊరి పెద్దల ముందు సంతకాలు పెడదామన్నా. వచ్చే సెలవులో పోయి రాయించాల. అప్పటిదాకా తమ్ముడు ఒప్పుకుంటాడో లేదో తెలీదు.

మీరూ బోరుకు డబ్బు పంపే ముందు పక్క చేనాయనకు ఒక ఫోన్ చేయండన్నా.