మైక్ నొక్కే ముందు

జీటీఏ ఆటలో ఒక పాత్ర కట్టి, ఆ పాత్రలా మాట్లాడుతూ ఆడే రోల్‌ప్లే సర్వర్‌లో కొత్తగా చేరినవాళ్లకి కష్టమైన పని నోరు విప్పడం. పగలంతా మాదాపూర్‌లో క్లయింట్ కాల్స్‌లో గడగడా మాట్లాడే కుర్రాడు, రాత్రి కొండాపూర్ పీజీ గదిలో హెడ్‌సెట్ పెట్టుకుని, మైక్ ఆన్ చేసే ఎన్ బటన్ మీద వేలు ఉంచి ఆగిపోతాడు. పక్క మంచం మీద రూమ్మేట్ ఉన్నాడు మరి! వాడు వింటుండగా "ఎక్కడికి పోవాలె అన్నా?" అని ట్యాక్సీవాడిలా అడగాలి.

ఈ బెరుకు నాకు బాగా తెలుసు. అందుకే చెప్తున్నా, మొదటి పాత్రగా ట్యాక్సీ డ్రైవరో మెకానిక్కో తీసుకోండి. మాట కోసం వెతుక్కోనక్కర్లేదు, అవతలివాళ్లే పని పట్టుకుని వస్తారు. మీరు ఎక్కడికో అడుగుతారు, కిరాయి చెప్తారు, దారిలో నాలుగు ముక్కలు మాట్లాడతారు, అంతే. గొంతు మార్చక్కర్లేదు, మీ ఇంటి యాసే చాలు, సిద్దిపేటదైనా భీమవరందైనా. మనోళ్ల సర్వర్లలో అందమంతా అక్కడే ఉంది. మాట రానప్పుడు చాట్‌లో స్లాష్ మీ (/me) కొట్టి "తల గోక్కుంటూ మీటర్ వంక చూస్తున్నాడు" అని టైప్ చేయండి. అదీ నటనే.

నటన అంటే గుర్తొచ్చింది, హైటెక్ సిటీకి కాస్త అవతల, లింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభిలో 'కీచక వధ'తో మొదలైన నాటక సమాజం వారసులు చాలామంది ఉండేది అక్కడే. ఆ ఇళ్లలో పిల్లలు ఊహ తెలియకముందే స్టేజీ ఎక్కేవాళ్లు. మనం పాతికేళ్లకి మొదటిసారి వేషం కడుతున్నాం, తడబడకుండా ఎలా ఉంటాం?

ఈ శుక్రవారం రాత్రి కొత్తగా ట్యాక్సీ తీసేవాళ్లుంటే మెసేజ్ పెట్టండి. మొదటి సవారీ నేనే ఎక్కుతా.