కింద ఏం పెట్టినవ్ రా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగినప్పుడు ఏం రాయాలో చాలా రోజులు తోచలేదు. నాకు కవిత్వం రాదు. పిల్లలకు లెక్కలు చెప్పుకునే మాస్టరును. అందుకే ఒక జాకీ గురించి, మా బాపు అడిగిన ఒక ప్రశ్న గురించి రాస్తున్నాను. చదివి నవ్వుకున్నా పర్వాలేదు, గుర్తుంచుకుంటే చాలు.

మన హాస్టల్ గురించి ఎవరు రాసినా నీళ్ళ సాంబారు, ట్రంకు పెట్టె, ఆదివారం గుడ్డు గురించి రాస్తారు. నాకు గుర్తొచ్చేది ఇటుక. మంచం కోడు విరిగితే ఇటుక పెట్టేవాళ్ళం. పెట్టెకు చెమ్మ తగలకుండా కింద ఇటుక. తలుపు గాలికి కొట్టుకోకుండా ఇటుక. ఏది ఒరిగినా ఇటుకతో నిలబెట్టవచ్చు అనే ధైర్యం నాకు అక్కడే వచ్చింది. ఆ ధైర్యమే ఒకనాడు నా ప్రాణం తీసేది.

మా బాపు బాయిల టింబర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. కోల్‌బెల్టు పిల్లలకు ఆ పని గురించి చెప్పనక్కరలేదు గానీ, బయటి ఊళ్ళ నుంచి వచ్చి చదువుకునే తమ్ముళ్ళ కోసం చెబుతాను. బొగ్గు తీసిన చోట పైకప్పు ఊరికే నిలబడదు. దాని కింద దుంగ నిలబెట్టి, దుంగకూ కప్పుకూ మధ్య చెక్క పెట్టి, చీలికలు కొట్టి బిగించాలి. బరువు ఎక్కువ ఉన్న చోట దుంగలను రెండు ఇటు, రెండు అటు అడ్డదిడ్డంగా పేర్చి చాక్ కట్టాలి. ఇప్పుడు కప్పుకు రంధ్రాలు వేసి ఇనుప బోల్టులు బిగిస్తున్నారు గానీ, బాపు కాలంలో ఎక్కువగా కట్టెదే భారం. సపోర్టు లేని కప్పు కిందికి ఆ సపోర్టు పెట్టే మనిషి తప్ప ఇంకెవరూ పోకూడదన్నది గని చట్టం. ఆ పెట్టే మనిషి మా బాపు.

2009 వానాకాలంలో నేను ఒక పాత మారుతి 800 కొన్నాను. మా వంశంలో అదే మొదటి కారు. మా అవ్వ దానికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, వాడకట్టంతా పేరు పేరునా పిలిచి చూపించింది. నెల తిరగకముందే సైలెన్సర్ క్లాంపు వదులై గడగడ చప్పుడు మొదలైంది. మెకానిక్‌కు ఇచ్చే డబ్బులు మిగులుతాయని ఒక ఆదివారం ఇంటి ముందు వాకిట్లోనే పని పెట్టుకున్నాను. డిక్కీలో ఉన్న జాకీ తీసి ఎడమవైపు ముందు చక్రం వెనకాల పెట్టి తిప్పాను. కారు లేచింది. జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదని ఎక్కడో విన్నాను కాబట్టి మూడు బూడిద ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి కింద పెట్టాను. రామగుండం చుట్టుపక్కల ఎన్టీపీసీ బూడిదతో చేసిన ఇటుకలకు కొదవ లేదు కదా. తల, భుజాలు లోపలికి దూర్చి స్పానర్ అందుకున్నాను.

అరుగు మీద కూర్చున్న బాపు గొంతు వినిపించింది. "కింద ఏం పెట్టినవ్ రా?"

"ఇటుకలు బాపూ."

"బయటికి రా."

"రెండు నిమిషాల పని బాపూ."

"రా అంటున్న కదా బిడ్డా."

వచ్చి నా కాలు పట్టి గుంజాడు. వీధిలో నలుగురు చూస్తున్నారు. నాకు కోపం వచ్చింది. "ఇది బాయి కాదు బాపూ, కారు. అది కూడా చిన్న కారు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కారు పక్కకు వచ్చి, రెండు చేతులూ ఆనించి ఒక్కసారి తోశాడు. బలంగా కూడా తోయలేదు.

రాత్రి కురిసిన వానకు వాకిలి మెత్తబడి ఉంది. జాకీ పాదం ఒకవైపు మట్టిలో దిగి పక్కకు ఒరిగింది. కారు ఇటుకల మీద పడింది. పై ఇటుక ఠప్పున రెండు ముక్కలైంది, దాని కిందిదీ పగిలింది. ఇదంతా నేను "అయ్యో" అనేలోపే అయిపోయింది. చక్రాలు ఉన్నాయి కదా, కారు పూర్తిగా నేలకు తగలదులే అనుకుంటాం. కానీ ఆ కారు అడుగుకూ నేలకూ మధ్య జానెడు జాగా కూడా ఉండదు. మనిషి రొమ్ము మందం అంతకంటే ఎక్కువ.

బాపు ఇటుక ముక్కలు ఏరి గోడ పక్కన వేసి, "చాయ్ తాగు పో" అన్నాడు. ఆ చాయ్ గ్లాసు పట్టుకున్నప్పుడు నా చెయ్యి వణికింది.

మరునాడు ఆయనే కట్టెల అడితికి పోయి మూరెడు పొడవున్న గట్టి కట్టె దిమ్మెలు కోయించుకొచ్చాడు. కారును వాకిట్లో నుంచి గట్టి సిమెంటు గచ్చు మీదికి తోయించాడు. రెండు దిమ్మెలు ఇటు, రెండు అటు పేర్చి, బాయిల కట్టినట్టే చాక్ కట్టాడు. జాకీని మెల్లగా దించి బరువంతా చాక్ మీదికి తెచ్చాడు. మళ్ళీ చేతులు ఆనించి తోశాడు. కదలలేదు. "ఇప్పుడు పో" అన్నాడు.

ఆ రోజు బాపు దగ్గర నేర్చుకున్నదీ, తర్వాత మెకానిక్ మిత్రులను అడిగి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

మొదటిది, ఎత్తడం వేరు, మోయడం వేరు. జాకీ ఎత్తడానికే. కారుతో వచ్చే జాకీ ఒక్క మర మీద, అరచేతి వెడల్పు పాదం మీద నిలబడుతుంది. ఒక పక్క ఎత్తేకొద్దీ కారు వాలుతుంది, దానితో పాటు జాకీ కూడా ఒరగాలని చూస్తుంది. ఆయిల్ జాకీలో బరువును మోసేది నూనె. లోపలి సీలు అరిగితే అది చెప్పకుండా దిగిపోతుంది. అందుకని జాకీతో ఎత్తాక, బరువును స్టాండ్ల మీదికో, గట్టి కట్టె చాక్ మీదికో దించాలి. ఇటుక, బండరాయి, సిమెంటు దిమ్మె పనికిరావు. కట్టె విరిగేముందు చిటపటమంటుంది, ఇటుక చెప్పదు. బాయిల కట్టె సపోర్టు మంచిదని పాతవాళ్ళు అనేది కూడా ఇందుకే. బరువు వస్తున్నప్పుడు అది అరిచి చెబుతుంది.

రెండోది, కారు కదలకూడదు. మారుతి 800లో హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది. వెనక భాగం ఎత్తితే ఆ బ్రేకు ఉన్నా లేనట్టే. ఇంజను బలం ముందు చక్రాలకు పోతుంది. ముందు చక్రం ఒక్కటి లేచినా అది వట్టిగా తిరుగుతుంది కాబట్టి గేరు కూడా ఆపదు. అందుకని హ్యాండ్‌బ్రేకు, గేరు రెండూ వేసి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాలి. కారులో ఎవరూ కూర్చోకూడదు.

మూడోది, చోటు. నేల గట్టిగా, సమంగా ఉండాలి. జాకీ కింద మందపాటి పలక వేయాలి. తలుపుల కింది అంచులో, ముందు చక్రం వెనకా వెనక చక్రం ముందూ జాకీ కోసమే గట్టి చేసిన చోట్లు ఉంటాయి. వేరే చోట పెడితే రేకు లోపలికి పోతుంది. చక్రం విప్పే పనైతే, నట్లు నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయాలి. పైకి లేపాక బలం పెట్టి గుంజితే కారు జారుతుంది. విప్పిన చక్రాన్ని పక్కన దొర్లించకుండా కారు కిందికే తోయాలి. అన్నీ తప్పినా అది అడ్డుంటుంది.

చివరిది, తోసి చూడటం. బాయిల కప్పును కర్రతో తట్టి, గట్టిగా మోగిందా, డొల్లగా మోగిందా అని విన్నాకే అడుగు వేస్తారు. మనమూ కారును చేత్తో తోసి చూశాకే దూరాలి. పడేదైతే మనం బయట ఉన్నప్పుడే పడుతుంది.

"చిన్న కారు" అని నేను అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ కారు బరువు సుమారు 650 కిలోలు. మన హాస్టల్‌కు వచ్చిన క్వింటాలు బియ్యం బస్తాలు ఆరున్నర. ఒక్క బస్తాను నలుగురం మోయలేక ఈడ్చుకుంటూ స్టోర్ రూముకు తీసుకుపోయిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. 2003 అక్టోబరులో గోదావరిఖని 8ఏ ఇంక్లైన్‌లో పైకప్పు కూలి 10 మంది చనిపోయినప్పుడు బాపు మూడు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అటువంటి మనిషి ముందు నేను బరువు గురించి మాట్లాడాను.

తమ్ముళ్ళారా, మనలో చాలామందికి కొనే బండి ఇంట్లో మొదటి బండి అవుతుంది. ఎట్లా ఎత్తాలో, ఎట్లా దించాలో చెప్పే పెద్దలు మన ఇళ్ళలో లేరని అనుకుంటాం. నేనూ అనుకున్నాను. మా బాపు జీవితంలో స్టీరింగ్ పట్టలేదు. కానీ తల మీద బరువు ఉన్నప్పుడు ఏం చూసుకోవాలో ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. మీ ఇంట్లో కూడా అటువంటి మనిషి ఉండవచ్చు. గడ్డివాము వేసిన తాత, బండి ఇరుసు మార్చిన మామ, ఎవరో ఒకరు. పని మొదలుపెట్టేముందు వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. ఒంటరిగా మాత్రం కారు కిందికి పోవద్దు.

ఆ కారు ఎప్పుడో అమ్మేశాను. దిమ్మెలు మాత్రం ఇంకా ఉన్నాయి. ఇప్పటికీ నేను కారు దగ్గర వంగితే చాలు, అరుగు మీది నుంచి అదే ప్రశ్న వస్తుంది. ఇప్పుడు కోపం రావడం లేదు. ముందు జవాబు చెప్పి, ఆ తర్వాతే దూరుతున్నాను.