ఉచిత సీట్లలో నాన్నగారు

సెయింట్ లూయిస్‌లో ఉండే మనవాళ్ళకి ఫారెస్ట్ పార్క్ గురించి వేరే చెప్పక్కర్లేదు. 1904లో ప్రపంచ ప్రదర్శన జరిగిన చోటు. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడి జూకి తీసుకెళ్తాం, ఎలాగూ టికెట్టు లేదు కాబట్టి. అదే పార్కులో ఉన్న 'మ్యూనీ' గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదని నా అనుమానం. అది ఆరుబయట నాటకశాల. 1919 నుంచి, కోవిడ్ వచ్చిన 2020 ఒక్కటీ తప్పిస్తే, ప్రతి వేసవీ అక్కడ మ్యూజికల్స్ ఆడుతూనే ఉన్నారు. దాదాపు 11,000 మంది పడతారు. అందులో వెనక వరసల్లో సుమారు 1,500 సీట్లు ఉచితం. రిజర్వేషన్ లేదు. ఏడింటికి గేటు తీస్తారు, ముందొచ్చిన వాళ్ళకి ముందు సీటు. తినడానికి ఏదైనా ఇంటినుంచి తెచ్చుకోవచ్చు కూడాను!

2016 వేసవిలో మా నాన్నగారు మా దగ్గరికొచ్చారు. ఆయనది తెనాలి. వయసులో ఉండగా పద్యనాటకాల పిచ్చి. రాయబారంలో కృష్ణుడు వేషం కట్టేవారు. అమెరికా వచ్చిన నెలకే ఆయనకి విసుగు పుట్టింది. అన్ని ఇళ్ళూ ఒకేలా ఉంటాయి, రోడ్డు మీద మనిషి కనపడడు, టీవీలో మాటలు అర్థం కావు. మాకు తోచక ఓ సాయంత్రం పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని మ్యూనీకి బయల్దేరాం.

ఆరున్నరకల్లా గేటు దగ్గర క్యూ. దుప్పట్లు, దిండ్లు, బైనాక్యులర్లు, ఐస్ పెట్టెలు పట్టుకుని పిల్లా పెద్దా నిలబడి ఉన్నారు. నాన్నగారి మొహం విప్పారింది. "ఇదేమిటే, అచ్చం మన శ్రీరామనవమి పందిరిలా ఉంది! మేమూ ఇలాగే పొద్దుగూకకుండా చాపలు పరిచి చోటు పట్టుకునే వాళ్ళం" అన్నారు. ఇక్కడ మా ఆయన పరుగెత్తి నాలుగు సీట్లు పట్టాడు. ఎనిమిదింబావుకి ముందుగా అమెరికా జాతీయగీతం. నాన్నగారు అందరికంటే నిటారుగా నిలబడ్డారు.

ఆ రోజు నాటకం 'ఫిడ్లర్ ఆన్ ద రూఫ్'. 1964లో బ్రాడ్వేకి వచ్చిన నాటకం. జారు కాలంనాటి రష్యాలో ఓ యూదుల పల్లె. అందులో టెవ్యా అనే పాలవాడు, అతనికి ఐదుగురు ఆడపిల్లలు. ఇంగ్లీషు పాటలు నాన్నగారికి అందవు. చెప్పే బాధ్యత మా పన్నెండేళ్ళ అమ్మాయికి అప్పగించాం. ఇంట్లో నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల ఇది. తాతయ్య దగ్గర మాత్రం వేరే దారి లేకపోయింది. "తాతయ్యా, ఆ నాన్న డబ్బు కావాలి అంటోంది" అని మొదలుపెట్టింది. మగవాళ్ళందరూ 'అంటోంది', 'వచ్చింది' అయిపోయారు. ఆయన దిద్దలేదు. డబ్బున్నవాణ్ణయితే ఎంత బావుణ్ణని పాలవాడు పాడే పాట అవగానే "వన్స్ మోర్!" అని గట్టిగా అరిచారు. ముందు వరసలో ఉన్న ముసలాయన వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టాడు.

పెద్దపిల్ల కుదిర్చిన సంబంధం కాదని దర్జీని చేసుకుంది. నాన్నగారు నవ్వారు. రెండో పిల్ల విప్లవం అనే కుర్రాడితో వెళ్తానంది. తల పంకించారు. మూడో పిల్ల వేరే మతం అబ్బాయిని రహస్యంగా పెళ్ళి చేసుకుంది. ఆ సంగతి మా అమ్మాయి చెప్పేసరికి నాకు గొంతులో పులిహోర అడ్డం పడింది.

మా చెల్లెలిది కూడా అదే కథ. (దాని అనుమతితోనే రాస్తున్నాను.) 2012లో బెంగుళూరులో పెళ్ళి చేసుకుంది. ఆ తర్వాత నాన్నగారు దానితో మాట్లాడలేదు. రెండేళ్ళ మనవణ్ణి ఫోటోలో చూడ్డానికి కూడా ఇష్టపడలేదు. మా అమ్మాయికి పిన్ని ఫోన్లో ఉంటే తాతయ్య లేచి వెళ్ళిపోతారని తెలుసు, ఎందుకో తెలియదు.

స్టేజి మీద పిల్ల బతిమాలుతోంది. తండ్రి మొహం తిప్పుకుని వెళ్ళిపోతున్నాడు. "ఇంక మాట్లాడడట తాతయ్యా. ఎందుకు? ఆ అమ్మాయి ఏం చేసింది?" అంది మా పిల్ల. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "మిగతా ఊరు ఏమంటుందోనని" అన్నారు. "ఊరు ఎవరు?" అందిది. దానికీ జవాబు లేదు.

ఆఖరికి సర్కారు ఆజ్ఞ వస్తుంది, ఊరు ఊరంతా ఖాళీ చేసి పోవాలి. ఎవరి మాటకి భయపడ్డాడో ఆ ఊరే లేకుండా పోయింది. మూడోపిల్ల సెలవు తీసుకోడానికొస్తే టెవ్యా దానివైపు చూడడు, కానీ దేవుడు తోడుండాలని నోట్లోనే అనుకున్నట్టు అంటాడు. మా అమ్మాయికి అది వినపడింది, చెప్పింది. నాన్నగారు కండువాతో కళ్ళజోడు తుడుచుకున్నారు. కారులో ఆయన మాట్లాడిందల్లా సెట్టింగుల గురించే. సురభి వాళ్ళయితే ఇంకా బాగా కట్టేవాళ్ళట.

ఆ ఆదివారం చెల్లెలు ఫోన్ చేసింది. నాన్నగారు మామూలుగా డెక్ మీదకి వెళ్ళిపోతారు. ఆ రోజు కుర్చీలోంచి కదల్లేదు. కాసేపటికి చెయ్యి చాపితే ఫోను ఇచ్చాను.

"పిల్లాడు పాలు సరిగ్గా తాగుతున్నాడా?" అని మాత్రం అడిగి, జవాబు విని, ఫోను నాకిచ్చేశారు.