ఆటోనగరు వైద్యం

బెజవాడలో బెంజి సర్కిలు దాటి బందరు రోడ్డు పట్టుకుని పోతే వచ్చేది ఆటోనగరు. బండ్ల ఆస్పత్రి అనవచ్చు. ఒక వీధిలో లారీలకు బాడీలు కడుతుంటారు. మరో వీధిలో ఇంజన్లు విప్పుతుంటారు.

మా కారు పెట్రోలు తెగ తాగుతోంది. ఇంజను దీపం ఆరడం లేదు. వేరొక షెడ్డులో కోడు చూసి, "ఆక్సిజన్ సెన్సరు మార్చేద్దామండీ" అన్నారు. ఆటోనగరు ముసలి మేస్త్రి మాత్రం, "కోడు నొప్పి ఎక్కడో చెబుతుంది బాబూ, జబ్బేమిటో మనమే చూసుకోవాలి" అన్నాడు.

1976లో వోల్వో కార్లతో వాడుకలోకి వచ్చిన పరికరమిది. పొగగొట్టంలో కూర్చుని, పొగలో మిగిలిన ప్రాణవాయువెంతో ఇంజనుకు కబురంపుతుంది. వేడెక్కాక దాని వోల్టేజి 0.1కీ 0.9కీ మధ్య ఊగుతుండాలి.

మేస్త్రి ముందు గొట్టం అతుకులు చూశాడు. అక్కడ సందుంటే బయటిగాలి దూరి, మంచి సెన్సరు చేత కూడా అబద్ధం చెప్పిస్తుందట. తరువాత తీగెలు తడిమాడు. అన్నీ బాగున్నాయి. అప్పుడు మీటరు పెట్టి ఏక్సిలేటరు తొక్కించాడు. అంకె 0.45 దగ్గరే నిలిచిపోయింది!

"ఇక మార్చవచ్చు బాబూ."

గొట్టం గోరువెచ్చగా ఉండగానే పాతది ఊడదీసి కొత్తది బిగించాడు. ఆలస్యమైతే ఎక్కువైన పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేసేదట. దాని ఖరీదు సెన్సరుకు ఎన్నో రెట్లు.

కోడు చూడగానే సామాను కొనమనేవారిని, "మీటరు పెట్టి చూపించండి" అని అడగండి. పనితెలిసిన మేస్త్రి ఆ మాటకు కోపగించుకోడు.